ముళ్ళపంది నిద్రపోయే వేళ

క్రుమ్ మా వంటింట్లోకి వచ్చి, తలుపు లోపలినుంచి గడియ పెట్టిన చోట పోయిన వారం ఆపాను. మధ్యలో చేరినవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు పోతాను.

మా కోడలు ఇస్క్రా ఇంట్లో కూర్చునే కంప్యూటర్‌లో దేశదేశాల పిల్లలకి ఇంగ్లీషు చెప్తుంది. వాళ్ళలో బోరియానా ఒకతి. తొమ్మిదేళ్ళది, మా ఊరు వ్రాత్సా పిల్లే. రెండేళ్ళ కిందట దాని తండ్రి క్రుమ్ దాని తల్లి స్నెజానా దవడ విరగ్గొట్టాడు. ఆసుపత్రి నుంచి స్నెజానా మళ్ళీ ఆ గడప తొక్కలేదు. పిల్లని తీసుకుని గ్రీసు వెళ్ళిపోయింది. ఏ ఊరన్నది ఎవరికీ చెప్పలేదు. ఇస్క్రా కూడా అడగలేదు; తెలియని సంగతి నోరు జారదు కదా అంది. కానీ కూతురు వారానికి రెండుసార్లు మా వంటింటి తెర మీద కనిపిస్తుందని క్రుమ్‌కి ఎవరో చేరవేశారు.

అది గురువారం. నాలుగింటి క్లాసుకి ఇంకా పావుగంట ఉంది. నా కొడుకు అసెన్ ఫ్యాక్టరీ నుంచి ఆరింటికి గాని రాడు. నేను చలికాలానికి పీపాలో ఊరబెట్టడానికి కాబేజీల కాడలు తొలిచి, ఆ గుంటలో ఉప్పు నింపుతున్నాను.

క్రుమ్ నా చేతిలోంచి కత్తి తీసుకున్నాడు. లాక్కోలేదు. ఎవరో వడ్డిస్తున్న గిన్నె అందుకున్నట్టు తీసుకున్నాడు. నేను తొలిచిన కాబేజీ ఒకటి తిప్పి చూశాడు.

"కాడ ఇంకా లోతుగా తియ్యాలి పిన్నీ. ఇలా వదిలేస్తే పీపా అంతా కుళ్ళిపోతుంది."

కత్తి మొన దింపి, ఒక్క తిప్పు తిప్పి కాడ మొత్తం పెరికి నా ముందు పెట్టాడు. వాడికీ స్నెజానాకీ పెళ్ళైన రోజు కొవ్వొత్తులు వెలిగించింది నేనే. మా వీధి చర్చిలో ఇరవై ఏళ్ళుగా కొవ్వొత్తులు అమ్మేది నేనే. వాడి పేరు మీద కూడా ప్రార్థన చేసిన రోజులున్నాయి. ఆ ప్రార్థనలన్నీ ఎటు పోయాయో నాకు తెలియదు. ఎటూ పోవని మా ఫాదరు అంటారు. ఆ రోజు మాత్రం ఆ మాట నమ్మడం కష్టమైంది.

ఈ వేళ క్లాసు లేదని ఇస్క్రా చెప్పింది. వాడు గోడ మీద అంటించిన టైంటేబుల్ వంక ఓసారి చూసి, వెనక్కి తిరిగి పిడికిలితో ఆమె చెంప మీద కొట్టాడు. ఇస్క్రా కుర్చీతో సహా పడింది. నేను అరిచాను. వాడు నా జుట్టు పట్టి తల బల్లకేసి నొక్కాడు. చెంప కింద ఉప్పు గరగరలాడింది. ఇంకోసారి అరిస్తే కోడలి కన్ను తీస్తానని నా చెవి దగ్గర మెల్లగా చెప్పాడు. తర్వాత ఇస్క్రాని రెక్క పట్టి లేపి నిలబెట్టాడు.

"మొహం కడుక్కో. పిల్లలు జడుసుకుంటారు."

ఇస్క్రా నీళ్ళు కొట్టుకుని వచ్చేలోగా తన పథకం మొత్తం చెప్పాడు. తను ఎదురుగా కనిపిస్తే పిల్ల పోయి తల్లికి చెప్తుంది, తల్లీకూతుళ్ళు మళ్ళీ ఎగిరిపోతారు. అందుకని తను తెరకి కనిపించకుండా బల్లకి ఈ పక్క కూర్చుంటాడు. స్నెజానాకి గ్రీసులో తెలిసినవాళ్ళున్న ఊళ్ళు రెండే. ఒకటి సముద్రం ఒడ్డున ఉన్న కవాలా. రెండోది సముద్రం జాడే లేని లారిసా. ఇంట్లోంచి సముద్రం కనిపిస్తుందా అని పిల్లని అడిగితే ఊరు తేలిపోతుంది. ఊరు తేలితే మనిషిని పట్టుకోవడం తన పని. ఇంకొకటి కూడా అడగాలి. ఇంట్లో అమ్మతో మగవాడెవరైనా ఉంటున్నాడా అని.

తన ఫోను బల్ల మీద పెట్టాడు. ఇంగ్లీషు మాటలు వింటూ మన భాషలోకి మార్చి రాసే ఏర్పాటు దాంట్లో ఉంది. ఇస్క్రా ఒక్క మాట తేడాగా అన్నా తెలిసిపోతుందన్నాడు. నా ఎడమ చెయ్యి లాగి కాబేజీ కోసే చెక్క మీద పరిచి, నాలుగు వేళ్ళ మీద కత్తి అడ్డంగా ఆనించాడు. నాలుగైంది.

ఇస్క్రా క్లాసు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మొదట్లో నాకు నవ్వొచ్చేది. పిల్లల్ని గెంతమంటుంది. పది లెక్కపెట్టేలోగా ఎర్రటి వస్తువేదైనా వెతికి తెమ్మంటుంది. పాత మేజోడుతో కుట్టిన ముళ్ళపందిని చేతికి తొడుక్కుని దానిచేత తప్పులు మాట్లాడిస్తుంది. పిల్లలు విరగబడి నవ్వుతూ ఆ తప్పులు దిద్దుతారు. ఇది పాఠమా తిరునాళ్ళా అని ఒకసారి అడిగాను. బడిలో అయితే పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వెయ్యొచ్చు అత్తయ్యా, ఇక్కడ నా చేతికి అందేవి వాళ్ళ కళ్ళు మాత్రమే, అవి పక్కకి మళ్ళాయంటే పిల్ల పోయినట్టే అంది. అప్పటినుంచి నేను నవ్వడం మానేశాను.

తెర మీద నలుగురు ఆడపిల్లలు వచ్చారు. నాలుగు గళ్ళు, నాలుగు మొహాలు. బోరియానా కింది వరసలో ఎడమ పక్కన ఉంది. పళ్ళు రెండు ఊడాయి. తండ్రి మెడ సాచి చూశాడు. వాడి గొంతులో ఏదో కదిలింది. అది ప్రేమేనేమో. అదే ప్రేమైతే దాన్ని మనిషికి ఇచ్చినవాడు ఎందుకిచ్చాడో అనుకున్నాను. అంతలో కత్తి నా వేళ్ళ మీద కాస్త బరువెక్కింది.

నలుగురి చేతుల్లోనూ కాగితాలున్నాయి. మీ కిటికీలోంచి కనిపించేది బొమ్మ గీసుకుని రండి అని సోమవారం ఇస్క్రా చెప్పిన పని అది. ఆ సంగతి రాత్రి భోజనాల దగ్గర మురిసిపోతూ నాకు చెప్పింది కూడా. కాగితం ఒకసారి తిప్పిందంటే బోరియానా ఇక ఏ జవాబూ చెప్పనక్కర్లేదు. అప్పటికే హన్యా అనే పోలండు పిల్ల తన కాగితం పైకెత్తబోతోంది.

ఇస్క్రా చేతికి ముళ్ళపంది ఎప్పుడు తొడుక్కుందో నేను చూడలేదు. చూసేసరికి అది బల్ల మీద ఒరిగి గురక పెడుతోంది. ఇస్క్రా పెదవి మీద వేలు పెట్టి గుసగుసగా ఏదో చెప్పింది. ఫోను మీద అక్షరాలు పడ్డాయి. ముళ్ళపంది నిద్రపోతోంది. మీ కాగితాలు గుడ్లు. కోళ్ళలాగా వాటి మీద కూర్చోండి.

నాలుగు కాగితాలూ కుర్చీల మీదికి పోయాయి. నలుగురూ వాటి మీద కూర్చుని నోళ్ళు మూసుకుని లోలోపల నవ్వుకుంటున్నారు. క్రుమ్ ఫోను చదివి, మీ కోడలికి పిచ్చి అన్నట్టు నా వంక చూశాడు. నాకు మాత్రం ఇరవై ఏళ్ళలో ఎన్నడూ రానంతగా దేవుడి మీద కృతజ్ఞత పొంగుకొచ్చింది.

ముళ్ళపంది నిద్రలో ఉన్నంతసేపూ ఎవరూ నోరు మెదపకూడదు. ఏమడిగినా తలతోనే జవాబు. మెదిపినవాళ్ళు ఓడిపోయినట్టు. కుర్చీలో నిమిషం కుదురుగా కూర్చోలేని పిల్లలు ఈ ఆటలో ఊపిరి కూడా బిగబట్టేస్తారు. గోల మరీ ఎక్కువైన రోజున ఇస్క్రా చేసే ఉపాయం అది.

ముందు హన్యాని అడిగింది. ఫోను చూపించింది: మీ వీధిలో మంచు పడిందా? హన్యా తల పక్కలకి ఊపింది. పోలండులో అప్పుడే మంచు పడిపోయిందన్నమాట అనుకున్నాను. ఇంకో పిల్లని పిచుక కనిపిస్తోందా అని అడిగింది. ఆ తర్వాత గొంతు ఏమాత్రం మారకుండా బోరియానాని అడిగింది.

నీ కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందా?

క్రుమ్ ముందుకి వంగాడు. బోరియానా పెదవులు బిగించి, కళ్ళు పెద్దవి చేసి తల కిందికీ పైకీ ఆడించింది. రెండుసార్లు.

తల పక్కలకి ఊపితే అవును, కిందికీ పైకీ ఆడిస్తే కాదు. మా దగ్గర పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. కాదు అంది పిల్ల. సముద్రం లేదు. అంటే లారిసా. క్రుమ్ కుర్చీలో వెనక్కి వాలాడు. వాడి మొహంలో ఆకలి తీరినవాడి నిదానం కనిపించింది. పిల్ల తెలియక తల్లిని పట్టించేసింది, అదీ మా ఇంట్లోంచి, నా కోడలి నోటితో.

రెండో ప్రశ్న అడగమని వాడు కత్తితో నా వేలి మీద తట్టాడు. ఇస్క్రా అడగలేదు. ఎందుకో తెరవంకే చూస్తూ ఉండిపోయింది. సముద్రం గురించి అంత తేలిగ్గా అడిగేసిన మనిషి దీనికెందుకు తటపటాయిస్తోందో నాకు అంతుపట్టలేదు. వాడు కత్తి నొక్కాడు. చిటికెన వేలి మీద చర్మం తెగి చెక్క మీద రక్తం పరుచుకుంది. నేను పళ్ళు బిగబట్టాను. ఇస్క్రా ఆ రక్తం చూసింది. అడిగింది.

మీ ఇంట్లో అమ్మతో ఎవరైనా మగవాడు ఉంటున్నాడా?

బోరియానా తల పక్కలకి ఊపింది. గట్టిగా, జడలు చెంపలకి కొట్టుకునేలా.

అవును.

క్రుమ్ కంప్యూటరు మూత దబాలున మూసేశాడు. దాన్ని ఎత్తి నేలకేసి కొట్టాడు, మళ్ళీ ఎత్తి మళ్ళీ కొట్టాడు. "మొగుడు కావలసి వచ్చాడా దానికి," అన్నాడు. అరవలేదు, మామూలుగానే అన్నాడు. నా చెయ్యి ఇంకా చెక్క మీదే ఉంది. కత్తి పక్కన పెట్టి, కాబేజీ పీపా మీద బరువుకి ఉంచిన రాయి తీసి నా వేళ్ళ మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు ముందు వినపడింది, నొప్పి తర్వాత వచ్చింది.

ఇస్క్రా వాడి మీద పడింది. గోళ్ళతో వాడి మెడ చీరింది. వాడు ఆమెని ఒక్క తోపు తోశాడు. ఆమె తల పొయ్యి అంచుకి తగిలింది. తగిలి, అలాగే జారి నేల మీద కూలబడింది. కణత దగ్గర రక్తం కారుతోంది. కళ్ళు తెరవలేదు. వాడు కాలితో డొక్కలో ఒకటి తన్ని చూశాడు. కదల్లేదు.

"చచ్చిందా?" అన్నాడు నన్ను.

నాకు తెలియదన్నాను. వాడు వంగి ముక్కు దగ్గర వేలు పెట్టి, లేదులే అని లేచాడు. ఇద్దరి ఫోన్లూ తీసి రాయితో నుజ్జు చేశాడు. కుళాయి కింద మెడ కడుక్కుంటూ, లారిసా ఎంతసేపట్లో చేరొచ్చో తనలో తనే లెక్క వేసుకున్నాడు. అక్కడ స్నెజానాకి తెలిసినవాళ్ళు ఒక్క ఇల్లేనట, ఆ వీధి కూడా తనకి తెలుసట. ముందు మగవాణ్ణి, తర్వాత దాన్ని అన్నాడు.

నేను పుట్టి బుద్ధెరిగాక తెలిసి అబద్ధం ఆడలేదు. గొప్పకి చెప్పడం లేదు. మా అమ్మ పెంపకం అలాంటిది, తర్వాత అలవాటైపోయింది. ఊళ్ళో ఎవరికైనా తగువొస్తే కొవ్వొత్తుల నెదాని అడగండి అంటారు. ఆ పేరు నాకు ఒక్కోసారి బరువుగా కూడా ఉండేది. కానీ ఆ క్షణాన నాకు ఒక్కటే తోచింది. వీడు లారిసా వెళ్తే రాత్రికి ఇద్దరు చస్తారు. వీణ్ణి ఇంకో ఊరికి పంపగలిగితే ఆ పాపం నేను మోయలేనంతది కాదు.

"క్రుమ్," అన్నాను. "వాళ్ళు లారిసాలో లేరు. కవాలాలో ఉన్నారు."

చేతులు తుడుచుకుంటున్నవాడు ఆగాడు. పిల్ల సముద్రం లేదంది కదా అన్నాడు. వాళ్ళ కిటికీ పెరటి గోడ వైపు ఉందన్నాను. సముద్రం నాలుగు వీధుల అవతల ఉందన్నాను. పోయిన క్రిస్మస్‌కి స్నెజానా కార్డు పంపింది, దాని మీద ఓడరేవు బొమ్మ ఉంది, ఊరి పేరు నా కళ్ళతో చదివానన్నాను. ఒకదాని వెనక ఒకటి ఎలా వచ్చాయో ఆ మాటలు. నోట్లో ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నట్టే వచ్చాయి.

"కార్డు ఏది?"

"పొయ్యిలో వేశాను. నువ్వు వస్తావని ఎప్పుడో భయపడ్డాను."

నా మొహంలోకి చాలాసేపు చూశాడు. "ఎందుకు చెప్తున్నావు నాకు?"

కోడలి వంక చూపించాను. లారిసాలో వాళ్ళు దొరక్కపోతే నువ్వు మళ్ళీ ఇక్కడికే వస్తావు, మళ్ళీ దీన్ని కొడతావు. నాకు నా పిల్ల ముఖ్యం అన్నాను. ఆ మాటలో మాత్రం అబద్ధం లేదు.

"నువ్వు అబద్ధం ఆడవంటారు పిన్నీ."

"ఆడను."

"పటం ముందు చెప్పు."

తూర్పు గోడ మీద దేవమాత పటం ఉంది. మా అత్తగారి అత్తగారి కాలం నాటిది. వాడు నన్ను మెడ పట్టి అక్కడికి నడిపించాడు. విరిగిన చెయ్యి పక్కకి వేలాడుతోంది. కుడిచేత్తో సిలువ గుర్తు వేసుకున్నాను. వాళ్ళు కవాలాలో ఉన్నారని ఆ తల్లి కళ్ళలోకి చూస్తూ చెప్పాను. పటాన్ని ముద్దు పెట్టుకున్నాను. పెదవి మీద ఉప్పు ఉంది, నా బల్ల మీది ఉప్పే. తల్లీ, ఇది నీ బిడ్డల కోసం ఆడాను, లెక్క నాతో తర్వాత చూసుకో అని లోపల అనుకున్నాను.

వాడు నమ్మాడు. నమ్మకం వాడి భుజాల్లో తెలిసింది. నా కత్తి గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు. బయటికి వెళ్ళి తలుపుకి తాళం వేసి తాళంచెవి తీసుకుపోయాడు. కారు కదిలి, వీధి మలుపు దగ్గర దక్షిణం దారికి తిరిగిన చప్పుడు విన్నాను.

కిటికీ తీసి పక్కింటి వాళ్ళని రెండుసార్లు పిలిచాను, ఎవరూ పలకలేదు. అసెన్ ఆరింటికి వస్తాడు కదా అనుకున్నాను. ఇస్క్రా తల నా ఒళ్ళోకి తీసుకుని, గుడ్డ తడిపి కణత మీద పెట్టాను. చాలాసేపటికి అది మెల్లగా మూలిగింది. కళ్ళు తెరిచి, వాడేడి అని అడిగింది.

"వెళ్ళిపోయాడు. ఇంక భయం లేదే. వాణ్ణి కవాలాకి పంపించేశాను."

ఇస్క్రా నేనేమన్నానో అర్థం కానట్టు చూసింది. మళ్ళీ చెప్పాను. పిల్ల తల ఊపి లారిసా అని పట్టించేసిందనీ, నేను పటం మీద ఒట్టేసి వాడి దారి మార్చాననీ చెప్పాను. చెప్తుంటే నా గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

ఆమె నా ఒళ్ళోంచి లేవబోయి, లేవలేక బల్ల కాలు పట్టుకుంది.

"అత్తయ్యా, నా క్లాసులో తలలు మనలాగా ఊగవు."

ఏమిటన్నాను. మొదటి నెలలో జరిగిందట. హన్యా ఒక రోజు జవాబు సరిగ్గా చెప్పింది. ఇస్క్రా మెచ్చుకుంటూ మనవాళ్ళ అలవాటు ప్రకారం తల పక్కలకి ఊపింది. తప్పు చెప్పాననుకుని ఆ పిల్ల ఏడ్చి, వారం రోజులు క్లాసుకి రాలేదు. అప్పటినుంచి క్లాసులో అందరూ ఇంగ్లీషువాళ్ళలాగా ఊపాలని నియమం పెట్టింది. కిందికీ పైకీ అయితే అవును. పక్కలకి అయితే కాదు. బోరియానాకి అది నేర్పడానికి రెండు నెలలు పట్టిందట. ఇవాళ వాడి ఫోనుకి అందని మాట అదొక్కటేనని ముళ్ళపందిని నిద్రపుచ్చిందట. రెండో ప్రశ్నకి పిల్ల ఏం చెప్తుందో, వాడికి అది ఎలా కనిపిస్తుందో తెలిసి కూడా, నా వేలు చూసి అడగక తప్పలేదట.

"దానికి సముద్రం కనిపిస్తుంది అత్తయ్యా. ఇంట్లో మగవాడెవడూ లేడు. వాళ్ళమ్మా అదీ, ఇద్దరే."

కుళాయి ఒకటి కారుతోంది. నా నోటి నుంచి జీవితంలో మొదటిసారి వచ్చిన అబద్ధం, కవాలా అన్న ఆ మాట, అక్షరం పొల్లుపోకుండా నిజం. దానికి ఒట్టు కూడా పెట్టాను. దేవమాత వంక చూడాలనిపించలేదు.

"ఎంతసేపైంది వాడు వెళ్ళి?" అంది ఇస్క్రా.

గోడ గడియారం చూశాను. నలభై నిమిషాలు. కవాలాకి ఐదు గంటల దారి. ఆ నలభై నిమిషాలూ నేను దాని తల ఒళ్ళో పెట్టుకుని, ఇద్దరి ప్రాణాలు కాపాడినందుకు దేవుడికి దండం పెట్టుకుంటూ కూర్చున్నాను.